సుంకం పడిన చెరువు

నేను ఒక ఏరేటర్‌ని. రొయ్యల చెరువులో నీటిని చిలికి, వాటికి ఊపిరి అందించడం నా ఉద్యోగం. మోటారు చైనాది, గేర్లు తైవానువి, బిగించింది భీమవరంలో. ఒకరి ముఖం ఒకరు చూడని దేశాలు నా ఒంట్లో పేచీ లేకుండా తిరుగుతాయి. ఆగితే అందరికీ నష్టమే కదా!

మొదట నన్ను కొన్న నరసరాజుగారు లాభం వచ్చిన ఏడు బొట్టు పెట్టారు, తెగులు వచ్చిన ఏడు తన్నారు. రెండింటిలోనూ నా ప్రమేయం లేదు. చివరికి విసిగిపోయి, కౌలుకు చెరువు చేసే పల్లాలమ్మకు అమ్మేశారు. ఆమె బేరానికి ముందే నా రెక్కలు తిప్పి చూసింది. అప్పుడే నాకు గౌరవం కలిగింది.

ఆ ఏడు ఆమె ఒంటిమీది బంగారమంతా మేతగా మారి చెరువులోనే ఉంది. రొయ్య ఇంకాస్త ఎదిగితే కిలోకు తక్కువ తూగి మంచి కౌంటుకు వస్తుందనగా, దాన్ని ఎక్కువగా కొనే దేశం సుంకం పెంచిందని టీవీలో చెప్పారు. తెల్లారేసరికి రొయ్యలు కొనే ఏజెంటు గంగాధరం గట్టు మీద ఉన్నాడు.

“అక్కా, ఇయ్యాలే పట్టేసెయ్. రేపైతే అడిగే నాథుడుండడు.”

“నిన్నటిదాకా మా రొయ్యని తెగ పొగిడావు కదరా. రాత్రికి రాత్రి దానికేం రోగమొచ్చింది?”

“రోగం రొయ్యకి కాదక్కా, ఆ దేశపోళ్ళకి.”

భర్త సూరిబాబు వలవాళ్లకు ఫోను చేయబోయాడు. “పట్టేద్దామే. పక్క చెరువు ఏడుకొండలు కూడా పట్టేత్తన్నాడు.”

“అందరూ ఒక్కరోజే పడితే ఐసెక్కడుంటాదయ్యా? నీళ్లలో ఉన్నంతసేపూ మన రొయ్య బతికే ఉంటాది. ఏరేటరు ఆపకు.”

నేను ఆగలేదు. మధ్యాహ్నానికి ఐసు అయిపోయింది. గట్టు మీద ట్రేలలో ఏడుకొండలు రొయ్య మెత్తబడింది. గంగాధరం చెప్పిన ధరకు అతను గంగాధరాన్ని తిట్టాడు, గంగాధరం ఆ దేశాన్ని తిట్టాడు. ఆ దేశానికి ఏదీ వినపడలేదు.

కొన్నాళ్లకు ఎగుమతిదారులు వేరే దేశంలో కొనేవాళ్లను వెతుక్కున్నారు. ధర పాతది రాలేదు కానీ, పల్లాలమ్మకు పెట్టుబడి దక్కింది. రొయ్య పట్టడం అయ్యాక నన్ను కడిగించి, నష్టంతో ఖాళీగా పడి ఉన్న ఏడుకొండలు చెరువులో దింపమంది.

“అద్దె ఎంతనాలి?” అన్నాడు సూరిబాబు.

“అద్దేంటి? ఆడు మళ్లీ రొయ్యపిల్ల ఎయ్యకపోతే, మన ఒక్క చెరువు కోసం వలవాళ్లూ, ఐసు బండీ ఇంత దూరం వత్తారేంటి?”

సూరిబాబు నా ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర ఏడుకొండలు పట్టుకున్నాడు. అతని చెరువులో ఉప్పు కాస్త ఎక్కువ. నా ఇనుముకు మంచిది కాదు. అయినా తిరుగుతున్నాను.