సోమవారం దీవి

మా ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం. నలుగురికీ తలా ఒక దీవి ఉండేది.

ఆదివారం సెయింట్ థామస్. అది మా అమ్మ అప్పలనర్సమ్మది. సోమవారం డొమినికా నాది. మంగళవారం బార్బడోస్ మా మరదలు రోజలిన్‌ది. బుధవారం ఆంటిగ్వా మా మేనకోడలు షెకీనాది. మిగిలిన మూడు రోజులూ ఓడ నడిసముద్రంలో ఉండేదో, పాత జనాన్ని దింపి కొత్త జనాన్ని ఎక్కించుకునేదో, దానితో మాకు సంబంధం లేదు.

ఆ ఓడ వంటగదిలో మా తమ్ముడు స్టీవెన్ కూరగాయలు తరిగేవాడు. దీవులు చూడటానికి వచ్చిన రెండువేల మంది తిని తిరిగే ఓడ అది. పొద్దున్న ఫలహారాల పని అయ్యాక, రేవులో ఉన్న రోజు పనివాళ్ళను రెండు గంటలు బయటికి వదిలేవారు. వాడు దిగి, ఫోను కార్డు కొనుక్కుని, ఇంటికి చేసేవాడు. అక్కడ పొద్దున్న పదయితే అనకాపల్లిలో సాయంత్రం ఏడున్నర. కార్డు పది నిమిషాలకు అయిపోయేది. మొదట్లో ఆ పది నిమిషాలు నలుగురం పంచుకోబోయి, రిసీవరు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునేవాళ్ళం. "బాగున్నావా" తప్ప ఇంకో మాట పడకుండానే లైను తెగిపోయేది. ఒకరోజు అమ్మ విసిగిపోయి దీవులు పంచేసింది. థామస్ అంటే తోమా, మన దేశానికి వచ్చిన ఏసు శిష్యుడు, పైగా ఆదివారం, అంచేత ఆ దీవి తనదే అంది. ఎవరం ఎదురు చెప్పలేదు.

నేను స్టీవెన్ కన్నా పదహారేళ్ళు పెద్ద. మా నాన్న చర్చిలో చేరకముందు పుట్టాను కాబట్టి తలుపులమ్మనయ్యాను, చేరాక పుట్టాడు కాబట్టి వాడు స్టీవెన్ అయ్యాడు. భర్త పోయి, మాకవరపాలెం నుంచి నేను పుట్టింటికి తిరిగి వచ్చేనాటికి వాడికి నాలుగేళ్ళు. వాడికి అన్నం పెట్టిందీ, బడికి దింపిందీ నేనే. అప్పటినుంచీ ఇక్కడే, అనకాపల్లి గవరపాలెంలో, బట్టలు కుట్టే మిషను ముందు కూర్చుని ఉన్నాను.

సోమవారం ఫోను మాత్రం ఏడున్నరకు వచ్చేది కాదు. ఎనిమిదిన్నర అయ్యేది. ఆ దీవిలో రేవుకీ ఫోనుకీ దూరమేమో అనుకునేదాన్ని. గోడవారన పీట వేసుకుని, రిసీవరు చెవికి ఆనించి కూర్చునేదాన్ని.

"అప్పా, వాన పడతంది. ఎండా కాత్తంది," అని మొదలుపెట్టేవాడు.

అక్కడ రోజుకు పదిసార్లు వాన పడుతుందట, ఎవరూ గొడుగు తెరవరట. రేవు దాటితే కొండ. మన బొజ్జన్నకొండలాగా రాతికొండ కాదు, చెట్టు భుజం మీద చెట్టు ఎక్కి నిలబడినట్టు ఒకటే పచ్చదనం. మొదటి మలుపులో నీలం తలుపుల కొట్టు. దాని ముందు ఒక ముసలామె నిమ్మకాయలూ జాజికాయలూ కుప్పలు పోసుకుని కూర్చుంటుంది. జాపత్రి అంటే జాజికాయ చుట్టూ ఉండే ఎర్రటి వలేనని వాడు చెబితేనే నాకు తెలిసింది. ఆ తరవాత ఏరు. శారదా నదంత వెడల్పు లేదు గానీ నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. వంతెన మీద నిలబడితే కింది చల్లదనం పాదాలకు తెలుస్తుందట.

నేను ఊ కొట్టేదాన్ని. నాకు చెప్పుకోవలసిన కష్టం లేదు, అడగవలసింది లేదు. వాడు ఆగితే "తరవాత?" అనేదాన్ని.

వారమంతా మిషను తొక్కుతూ ఆ దారిన నడిచేదాన్ని. పాదాలు కదులుతుంటే దారి కదిలేది. ఒక జాకెట్టు చేతులు కుట్టేలోపు రేవు నుంచి నీలం తలుపుల దాకా వెళ్ళేదాన్ని. రెండో జాకెట్టుకు వంతెన వచ్చేది. మా వీధిలో బెల్లం లారీలు పోతుంటే ఆ వాసన ఆ దీవికి కూడా అంటుకుంది. ఇప్పటికీ ఆ కొండను తలుచుకుంటే నాకు బెల్లం పాకం వాసనే వస్తుంది. ముసలామె నన్ను చూసి తలూపేది. అక్కడ నేను ఎవరి వెనకా నడిచేదాన్ని కాదు. నా చంకలో ఎవరి బిడ్డా ఉండేది కాదు, చేతిలో సంచీ ఉండేది కాదు. వాన వచ్చి నన్ను తడిపేది, ఎండ వచ్చి ఆరబెట్టేది. ఎవరూ ఎక్కడికని అడిగేవారు కాదు.

షెకీనా తన అట్లాసులో ఆ దీవులను వెతికి చూపించింది. డొమినికా సూది బెజ్జమంత ఉంది. ఎవరి దీవి పక్కన వాళ్ళ పేరు పెన్సిలుతో రాయాలంది. అమ్మ పేరు షెకీనాయే రాసిపెట్టింది. నా పేరు నేనే పూర్తిగా రాసుకున్నాను. చోటు చాలక చివరి అక్షరాలు సముద్రంలోకి పోయాయి.

ఒక మంగళవారం రోజలిన్ ఫోను పెట్టేసి, అందరినీ ముందుగదిలోకి పిలిచింది.

"ఓడకి కొత్త కెప్టెనొచ్చేడంట. రేవులో ఆగినప్పుడు కూడా కొంతమంది ఓడలోనే ఉండాలంట, నిప్పో ఏటో అంటుకుంటే ఆర్పడానికి. అంచేత ఒకో మనిషి ఒకో రేవు వదులుకుని, దాని పేరు రాయించాల. ఇంక ఇంటికొచ్చేదాకా ఈ నాలుగు నెల్లూ ఆ రేవులో దిగనివ్వరు. ఏది వదలాలో మీరే సెప్పండన్నారు ఆయన. రేపు షెకీనాకి ఫోన్ సేసినప్పుడు సెప్పెయ్యాలి."

ఎవరి దీవి పోతే వాళ్ళ ఫోను పోయినట్టే.

"ఆదివారం జోలికి రాకండి," అంది అమ్మ వెంటనే. "అది దేవుడి దినం."

"పది నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు నీ ప్రార్థనే గదత్తా. ఆయన ఆమెన్ అనడానికే కార్డు కొంటన్నట్టుంది. దేవుడికి ఫోనెందుకు?"

"దేవుడికి అక్కర్నేదే, ఆడికి గావాల. సముద్రం మీదున్నది ఆడు, నువ్వు కాదు. నీ మంగళారం ఏటి సేత్తన్నావు? కరెంటు బిల్లు, గేసు బండ, పక్కింటోళ్ళ గోడ. ఆ గోడని ఆడు ఓడలోంచి ఏటి సేత్తాడే?"

"మొగుడికి సెప్పుకోక నీకు సెప్పుకోమంటావా?"

"నాది తీస్తే నేను ఊరుకోను," అంది షెకీనా. ఐదో తరగతి చదువుతోంది. "నాన్న నాకు లెక్కలు చెప్తున్నారు."

"లెక్కలు టీచరమ్మ సెప్పదేటి?" అంది అమ్మ.

"టీచర్ చెప్తే అర్థం కాదు మామ్మా. నాన్న వంకాయలతో చెప్తారు. ఒక వంకాయని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి పావు."

తరవాత ముగ్గురూ నా వైపు చూశారు.

"ఒదినా, ఏటనుకోకు," అంది రోజలిన్. "సోమారం నువ్వు ఊ కొట్టడమే గానీ ఒక్క మాటాడగా నేను ఇన్లేదు. ఊ కొట్టడానికి ఓ దీవి గావాలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"నిజంగా, మీరిద్దరూ ఏటి మాటాడుకుంటారే?" అని అడిగింది అమ్మ.

ఏం చెప్పను? వాన అని చెప్పనా, నిమ్మకాయలని చెప్పనా? కరెంటు బిల్లు పక్కన పెడితే అవి ఏపాటి?

"ఏటీ నేదు," అన్నాను. "నాదే రాయించండి."

అంత తేలిగ్గా అనేశాను. చేపల పులుసులో తోక ముక్క, ఆటోలో డ్రైవరు పక్క చోటు ఎప్పుడూ అడగకుండానే నావి. నోటికి అలవాటైపోయింది. "మా ఒదిన బంగారం," అని రోజలిన్ ఆ పూట నా కంచం తనే పెట్టింది.

మర్నాడు మిషను దగ్గర కూర్చున్నాను. పాదాలు కదిలాయి గానీ దారి కదలలేదు. నేను రేవులోనే నిలబడి ఉన్నాను. తెల్లటి ఓడ వచ్చి ఆగింది. జనం దిగారు, దిగారు, ఎంతసేపు దిగినా మా వాడు రాలేదు. ఎక్కడో పైన, గుండ్రటి కిటికీ వెనక ఒక ముఖం ఉంది, అద్దం మీద వాన పడుతుంటే అది ఎవరిదో తెలియడం లేదు. నీలం తలుపులు మూసి ఉన్నాయి. ముసలామె కుప్పలు సర్దుకుంటూ నన్ను చూసింది, కానీ తలూపలేదు. సాయంత్రానికి వంతెన ఎటు ఉండేదో కూడా మర్చిపోయాను. మళ్ళీ మొదటినుంచి వెళ్దామని చూస్తే రేవు కూడా పలచబడిపోతోంది.

దీపాలు పెట్టే వేళకు షెకీనా అట్లాసు తెచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో రబ్బరు ఉంది.

"అత్తా, ఇది చెరిపేస్తున్నా. ఇంక అక్కర్లేదు కదా."

సముద్రంలో ఉన్న అక్షరాలు అప్పటికే పోయాయి.

"ఉంచు," అన్నాను.

"ఎందుకు? నిన్న నువ్వే కదా..."

"ఉంచమన్నానా!"

నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. వంటింట్లోంచి రోజలిన్ తొంగి చూసింది. షెకీనా రబ్బరు కింద పెట్టేసింది. అప్పుడే ఫోను మోగింది, దూరం నుంచి వచ్చే ఫోన్లు మోగినట్టు పొడుగ్గా.

షెకీనా పరుగెత్తి తీసింది. "నాన్నా, మామ్మా వాళ్ళు డొమి..." అంటుండగా నేను రిసీవరు అందుకున్నాను. లాక్కున్నాను అనాలి.

"తమ్ముడూ, డొమినికా రాయించకు. అది నాది. నాను ఇవ్వను."

లైనులో ఒకటే హోరు. తరవాత నవ్వు వినపడింది.

"అమ్మయ్య," అన్నాడు. "డొమినికా వదిలెయ్యమంటారని నిన్నట్నుంచీ బెంగెట్టుకున్నానప్పా. నాదే రాయండని నువ్వే సెప్పుంటావు."

"సెప్పేను. ఇప్పుడు కాదంటన్నాను."

"ఓ మాట ఇను. మిగతా రేవుల్లో నేను ఏటీ సూడను. గేటు పక్కనే ఫోన్లుంటాయి. లైన్లో నిలబడతాను, మాటాడతాను, ఓడెక్కేత్తాను. ప్రార్థనా, బిల్లులూ, లెక్కలూ. బార్బడోస్‌లో మట్టి ఏ రంగో ఇప్పటికీ తెల్దు. సోమారం ఒక్కరోజే, నీకేదో ఒకటి సెప్పాల గదా అని ముందో గంట నడుత్తాను. నువ్వు తరవాత అంటావు. తరవాతేటుందో సూడ్డానికి ఎల్తాను. అదీ పోతే ఈ నాలుగు నెల్లూ నేను నేల మీద నడవను అప్పా."

సోమవారం ఫోను గంట ఆలస్యంగా ఎందుకు వస్తుందో అప్పుడు తెలిసింది.

రిసీవరు చేత్తో మూసి, వాడన్నది అన్నట్టే ఇంట్లోవాళ్ళకు చెప్పాను. ముసలామె గురించీ, వంతెన గురించీ కూడా చెప్పేశాను. రోజలిన్ గరిటె చేత్తోనే ఫోను దగ్గరికి వచ్చింది.

"నాతో ఒక్కనాడూ అన్లేదు ఆయన," అంది.

"నువ్వు గోడ గురించి అడిగితే ఆడు గోడ గురించే సెప్తాడు," అంది అమ్మ. కాని ఆ మాటలో ఎప్పటి పదును లేదు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. "ఆదివారం రాయించమను."

"అమ్మా?"

"రాయించమన్నాను. దేవుడు ఓడలోనూ ఉంటాడు. ఆడి కాళ్ళు నేల మీద పడాల." నేను ఆ మాట వాడికి చెప్పేలోపే వేలెత్తి చూపించింది. "కానీ సోమారం నానూ ఇంటాను. ఆ ముసల్దెవుతో నానూ సూత్తాను."

"నా లెక్కలు?" అని షెకీనా, నేను ఆదివారం మాట వాడి చెవిన వేయగానే రిసీవరు తీసుకుంది. "నాన్నా, మూడు వంకాయల్ని ఐదుగురికి..." అంతలో కార్డు అయిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆపడానికి రోజలిన్ నిజంగానే మూడు వంకాయలు తెచ్చి కత్తిపీట ముందు కూర్చుంది.

సోమవారం అమ్మ ఏడు గంటలకే ఫోను పక్కన కుర్చీ వేయించుకుంది.

"ఇంకా మోగదేటే?"

"ఆడు నడుత్తన్నాడమ్మా."

"ఎంతవరకూ ఎల్లుంటాడు?"

కళ్ళు మూసుకున్నాను. దారి ఉంది. "కొట్టు దాటేడు," అన్నాను. ఇంకాసేపటికి మళ్ళీ అడిగింది. వాన పడుతోంది, ఒక చూరు కింద నిలబడ్డాడు అన్నాను. అమ్మ నమ్మింది. వీధిలోకి చూసి, ఇక్కడ కూడా వాన ఉందేమోనన్నట్టు చెయ్యి బయటికి చాపింది. అలా ఇద్దరం ఆ గంటంతా వాడి వెనకే వెళ్ళాం.

ఫోను మోగింది. ఒకే రిసీవరుకు చెరో పక్కా తలలు ఆనించాం.

"అప్పా, ఈయేళ ఏటివైపు ఎల్లలేదు. ఊరి ఎనక్కి ఎల్లేను. అక్కడో పెద్ద తోట. తోటలో పసుపుపచ్చ బస్సొకటి, దాని మీద సెట్టు పడిపోయుంది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట తుఫానొచ్చిందంట, అప్పుడు పడిందంట."

"బస్సులో మనుషులున్నారేటిరా?" అంది అమ్మ.

"అమ్మా! నువ్వూ ఉన్నావా? లేరమ్మా, కాళీ బస్సు. ఎవులికీ ఏటీ అవలేదు."

అమ్మ ఊపిరి వదిలింది. ఆ ఊపిరి నా చెంపకు తగిలింది. "మరి సెట్టు తియ్యలేదా?"

"తియ్యలేదు. పడ్డది పడ్డట్టే మళ్ళీ సిగిర్సిందమ్మా. బస్సు మీదే పెరుగుతంది. ఎంత లావుందో, నలుగురు సేతులు పట్టుకున్నా అందదు. లోపలికి తొంగి సూసేను, అంతా గడ్డి మొలిసిపోనాది."

"ముట్టుకున్నావా ఆ సెట్టుని?"

"లేదు. పరిగెట్టుకొచ్చేను, టైమైపోతందని."

"ఒచ్చే సోమారం ముట్టుకో. ఎలగుందో సెప్పు. గరుగ్గా ఉందో, నున్నగా..."

లైను తెగిపోయింది. నేను రిసీవరు పెట్టేయబోతే అమ్మ ఇవ్వలేదు. అది చెవి దగ్గరే ఉంచుకుని, కళ్ళు మూసుకుని, రెండో చెయ్యి ముందుకు చాపింది. ఆమె వేళ్ళు నెమ్మదిగా, పైనుంచి కిందికి, ఏ బెరడు మీదో నడిచినట్టు కదులుతున్నాయి.