దలాల్ దవడ

శుక్రవారం పొద్దున పదింటికి సిద్ధమ్మ వంటింటి గట్టును మూడోసారి తుడుస్తోంది. గట్టు మీద మరకేమీ లేదు. చేతులు ఊరికే ఉంటే చెవులు మేడ మీదికి పోతున్నాయి, అందుకని తుడుస్తోంది. ఇంట్లో వాళ్ళంతా కబ్ద్‌లోని తోటకి వెళ్ళారు, సాయంత్రం దాకా రారు. కువైట్ ఫింటాస్‌లోని ఆ మూడంతస్తుల ఇంట్లో ఇప్పుడు ఉన్నది తనూ, పై గదిలో దలాలూ.

దలాల్‌కి ఇరవయ్యేళ్ళు. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు సిద్ధమ్మ చేతికి వచ్చింది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చిన సిద్ధమ్మ చేరిన మొదటి ఇల్లూ, ఇప్పటిదాకా చేసిన ఒకే ఒక్క ఇల్లూ ఇదే. దలాల్‌కి పదమూడో ఏడు వచ్చేసరికి కింది దవడ ముందుకు పెరగడం మొదలైంది. ముందు పళ్ళు ఒకదానికొకటి అందకుండా పోయాయి. సమోసా తినాలన్నా పక్క పళ్ళతో చింపుకోవాలి. నమిలినప్పుడల్లా చెవి దగ్గర నొప్పి. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఫోటోకి ఫోన్ పైకెత్తితే చాలు, చెయ్యి గడ్డానికి అడ్డం పెట్టుకునేది.

ఎదుగుదల ఆగేదాకా ఆపరేషన్ చేయనన్నాడు డాక్టర్. తర్వాత ఏడాదిన్నర పళ్ళకు తీగలు కట్టాడు. ఆ తీగలతో దవడ ఇంకా ముందుకొచ్చినట్టు కనపడి పిల్ల బెంబేలెత్తిపోయింది. ఆపరేషన్‌కి ముందు అలాగే ఉంటుందని, వంకర పళ్ళు నిటారుగా నిలబడితే అసలు తేడా బయటికొస్తుందని అప్పుడు చెప్పారు. ఎనిమిది రోజుల కిందట సిటీలోని ఆసుపత్రిలో పై దవడా కింది దవడా రెండూ కోసి, జరిపి, సన్నటి పలకలతో బిగించారు. కోతలన్నీ నోటి లోపలే, బయట ఒక్క గీత లేదు. పై తీగలకీ కింది తీగలకీ చిన్న చిన్న రబ్బర్లు తగిలించి నోరు మూసి పంపారు.

ఇంటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. సిద్ధమ్మకి రెండూ రావు. ఆ వార్డు నర్సు జ్ఞానమ్మది అమలాపురం దగ్గర. ఆమే పక్కకి పిలిచి, కాగితంలో ఉన్నదంతా తెలుగులో చెప్పింది. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టాలి. ముక్కు చీదనివ్వకూడదు. వాపు మూడో రోజుకి ఇంకా పెరుగుతుంది, భయపడకూడదు. రెండు వారాలు వడకట్టిన ద్రవమే. తిన్నాక ప్రతిసారీ ఉప్పు నీళ్ళతో పుక్కిలింత. వాంతి వస్తే తల ముందుకు వంచాలి, పళ్ళ సందుల్లోంచి అదే పోతుంది. ఊపిరి ఆగిపోయేలా ఉంటేనే రబ్బర్లు కత్తిరించాలి. అంతకుమించి ఎవరూ వాటిని ముట్టుకోకూడదు. అన్నీ చెప్పి, "ఏదన్నా అనుమానం వస్తే నాకు వాయిస్ పెట్టండి, మొహమాటపడకండి" అని తన నంబరిచ్చింది.

సిద్ధమ్మ అన్నీ అలాగే చేసింది. పప్పునీళ్ళు రెండుసార్లు వడగట్టేది. పెదాలకి గంటగంటకీ వ్యాసలైన్ రాసేది. మూడో రోజు దలాల్ మొహం గుమ్మడికాయలా ఉబ్బి, కళ్ళు సన్నటి గీతలైపోయినప్పుడు కూడా ఆ పనులేవీ ఆపలేదు. కానీ ఆరో రోజు నుంచి పిల్ల తీరు మారింది. ఏం కావాలో ఫోన్‌లో రాసి చూపించడం మానేసింది. గ్లాసు సగంలోనే తోసేస్తోంది. కిటికీ తెరలు తీయనివ్వడం లేదు.

పదిన్నరకి పప్పునీళ్ళ గ్లాసు పట్టుకుని సిద్ధమ్మ పైకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. స్నానాలగది తలుపు సగం తెరిచి ఉంది.

దలాల్ లోపల నేల మీద కూర్చుని ఉంది. వాష్‌బేసిన్‌లో తెగిన రబ్బరు ముక్కలు, పక్కన గోళ్ళ కత్తెర. ఒళ్ళో కొరికిన ఖుబ్జ్ రొట్టె, ఎప్పుడు కిందికొచ్చి తీసుకుందో. ఆమె నోరు తెరిచి ఉంది. ఎనిమిది రోజుల తర్వాత ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట సిద్ధమ్మకి సరిగ్గా అర్థం కాలేదు. దగ్గరికెళ్ళి కూర్చుంది.

"ఇది నా ముఖం కాదు సిద్ధా," అంది దలాల్ అరబ్బీలో, నాలుక తడబడుతుంటే.

సిద్ధమ్మ కళ్ళు రొట్టె మీదే ఉన్నాయి. "నమిలినావా?"

"ముక్కు మూసుకుపోయింది. ఊపిరి అందలేదు. కత్తిరించేశాను. తర్వాత ఆకలేసింది." ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "ఇక్కడ టక్కుమంది. ఇప్పుడు పళ్ళు కలవడం లేదు. అమ్మకి చెప్పొద్దు. డాక్టర్‌కీ చెప్పొద్దు. ఎల్లుండి ఎలాగూ వెళ్ళాలి కదా."

సిద్ధమ్మ కిందికొచ్చింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు. కుళాయి తిప్పి, మూసి, మళ్ళీ తిప్పింది. పిల్లని తన మీద వదిలి వెళ్ళారు. వచ్చే నెల ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, వాళ్ళే కొత్తది చేయించాలి. చెబితే రొట్టె ఎవరిచ్చారన్న మాట ముందు వస్తుంది. చెప్పకపోతే ఎల్లుండి దాకా ఆ దవడ అలాగే ఉంటుంది. వంటింట్లో నాలుగడుగులు ఇటూ నాలుగడుగులు అటూ తిరిగి, చివరికి ఫోన్ తీసి జ్ఞానమ్మకి వాయిస్ పెట్టింది.

"సిస్టరమ్మా, పాప రబ్బర్లు కత్తిరించుకునింది. రొట్టె తినింది. ఎడమ పక్క టక్కుమనిందంట, పండ్లు కలవడం ల్యా. ఎల్లుండి దాకా ఎవురికీ చెప్పొద్దంటాంది. నాకేం దోచడం ల్యా."

రెండు నిమిషాల్లో జ్ఞానమ్మే ఫోన్ చేసింది.

"ఎల్లుండి దాకా ఆగొద్దండి సిద్ధమ్మ గారూ. ఎముక ఇంకా పచ్చిగానే ఉంటాదండి. ఇప్పుడైతే దారికి తేవచ్చు, ఆలస్యమైతే మళ్ళీ ఆపరేషన్ అనొచ్చు. మీరు తీసుకొచ్చేయండి. నేను డాక్టర్ గారికి చెప్తాను."

"రానంటాది సిస్టరమ్మా."

"ఫోన్ ఆ అమ్మాయి దగ్గరెట్టండి."

దలాల్ ముందు మంచం మీద పెట్టిన ఫోన్‌లోంచి జ్ఞానమ్మ అరబ్బీలో మాట్లాడింది. కోప్పడలేదు. రెండో వారంలో చాలామంది ఇలాగే అంటారని, ఎందుకు చేయించుకున్నానా అని ఏడుస్తారని, మందుల మత్తు, తిండి లేకపోవడం, నిద్ర లేకపోవడం అన్నీ కలిసి అలా చేస్తాయని చెప్పింది. ముక్కు పట్టేస్తే ఆవిరి ఉంది, చుక్కలున్నాయి, అడగాలి అంది. దలాల్ అంతా విని, ఫోన్‌కి వీపు తిప్పింది.

సిద్ధమ్మ ఆ వీపు వైపు కాసేపు చూసింది. ఆ ముఖాన్ని పదహారేళ్ళు కడిగింది, తుడిచింది. నిజం చెప్పాలంటే తనకీ అది వేరే పిల్ల ముఖంలాగే ఉంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నాకూ కొత్తగానే ఉంది," అంది. "అలవాటు కాలేదు. వాపు పోయినాక ఎట్లుంటుందో నాకు తెలియదు, నీకూ తెలియదు. ఈ రోజు పోకపోతే మాత్రం ఇంక ఎప్పటికీ తెలియదు."

 చాలాసేపటికి దలాల్ చెయ్యి చాచి, బయటికెళ్ళేటప్పుడు తొడుక్కునే అబాయా అందుకుంది.

దలాల్ అమ్మని సిద్ధమ్మ 'మామా' అనే పిలుస్తుంది. ఆమెకి ఫోన్ చేస్తే అవతల గాలి హోరు. మొదట వినపడలేదు. వినపడ్డాక గొంతు మారింది. "రొట్టె ఎవరిచ్చారు? నేను వచ్చేదాకా కదలకండి."

"ఆసుపత్రికి పోతున్నాం మామా. సిస్టర్ ఇప్పుడే రమ్మనింది," అని సిద్ధమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ ఇంట్లో మామా మాట కాదని చేసిన మొదటి పని అదే. 

డ్రైవర్ నౌమాన్ శుక్రవారం నమాజుకి వెళ్ళి ఉన్నాడు. ప్రసంగం, నమాజు అయిపోయేదాకా రాడు. గేటు దగ్గర ఎండలో సిద్ధమ్మ, కారు నీడలో దలాల్. మసీదు మైకులో గొంతు ఆగిందనుకుంటే మళ్ళీ మొదలయ్యేది. దలాల్ రెండుసార్లు లోపలికి వెళ్ళిపోబోయింది. రెండుసార్లూ సిద్ధమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది. నౌమాన్ వచ్చాక సిటీ దాకా రోడ్డంతా ఖాళీ. అయినా ప్రతి సిగ్నల్ దగ్గరా సిద్ధమ్మ కాళ్ళు వాటంతటవే లేని బ్రేకు తొక్కి వదిలేవి.

ఎక్స్‌రే తీశారు. పలకలు నిలిచాయి, ఎముక వీడలేదు, కింది దవడ ఎడమకి కాస్త లాగిందంతే. డాక్టర్ ఈసారి మందంగా ఉన్న రబ్బర్లు తగిలించి, ద్రవాహారం ఇంకో రెండు వారాలు పెంచాడు. రెండు రోజులు ఆగి ఉంటే కత్తి పట్టాల్సి వచ్చేదేమో అన్నాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, "మనసు బాగుండదని చెప్పాను, గుర్తుందా?" అని అడిగాడు. దలాల్ ఫోన్‌లో "ఒక్కసారి అన్నారు, అంతే" అని రాసి చూపించింది. డాక్టర్ దాన్ని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నిజమే, ఇరవై మాటల మధ్య ఒక మాటగా చెప్పాను" అన్నాడు.

మామా వచ్చేసరికి మూడు దాటింది. చెప్పులకి కబ్ద్ ఇసుక. కూతురి తల నిమిరి, సిద్ధమ్మ వైపు తిరిగింది. "రొట్టె నువ్విచ్చావా?"

"నేను ఇవ్వలేదు మామా."

మామా దలాల్ వైపు చూసింది. దలాల్ చేతిలో ఫోన్ ఉంది. ఏమీ రాయలేదు. తల దించుకుంది.

"ఖలాస్. ఇంటికెళ్ళాక మాట్లాడదాం," అంది మామా.

ఇంటికెళ్ళాక ఎవరూ మాట్లాడలేదు. అదే ఎక్కువ బాధ. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది. సిద్ధమ్మ గ్లాసు తీసుకెళ్ళి పెట్టి వచ్చేసేది. దలాల్ మొహం చూసేది కాదు. ఆ ఫోన్‌లో రెండు మాటలు రాయడానికి ఆ పిల్లకి ఏం అడ్డమొచ్చిందని కడుపు మండేది. అంతలోనే, ఆవిరి పట్టిందో లేదోనని మళ్ళీ మెట్లెక్కేది. మంచం కింది సూట్‌కేసు లాగి, నాలుగు చీరలు పెట్టి, మళ్ళీ తీసేసింది. పనిలేని చోట పని వెతుక్కుంటూ శుభ్రంగా ఉన్న జల్లెడలు కూడా తోమింది.

సోమవారం మధ్యాహ్నం మామా వంటింట్లోకి వచ్చింది. చేతిలో దలాల్ ఫోన్.

"రాత్రంతా రాసినట్టుంది," అంది. "రొట్టె తనే తీసుకుందట. నిన్ను అడిగినప్పుడు నాకు భయపడి ఊరుకుందట." ఫోన్ గట్టు మీద పెట్టింది. "డాక్టర్ చెప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు, పలకలు తీస్తారా ఉంచుతారా, అన్నీ అడిగాను. అద్దంలో చూసుకుంటే ఎలా ఉంటుందని అడగలేదు."

  మామా క్షమించమని అడగలేదు. బట్టల చేతులు పైకి మడిచి, ఈ పప్పునీళ్ళు ఎలా వడగడతావో చూపించు అంది. ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడ్డారు. మామా గరిటె తిప్పుతుంటే పప్పు జల్లెడ అంచు మీంచి గట్టంతా పడింది.

ఆ సాయంత్రం మామానే గ్లాసు పైకి తీసుకెళ్ళింది. సిద్ధమ్మ తర్వాత వెళ్తే, దలాల్ ఆమె చెయ్యి పట్టుకుని తన చెంప కింద పెట్టుకుని పడుకుంది. సిద్ధమ్మ చెయ్యి లాక్కోలేదు, కోపం మాత్రం ఆ ఒక్క రోజులో పోలేదు.

ఏడో వారానికి వాపు చాలావరకు దిగింది. రబ్బర్లు రాత్రిపూట మాత్రమే. ముఖం పాతదీ కాదు, ఆ నేల మీద కూర్చున్న రోజుదీ కాదు. కింది పెదవి ఎడమ పక్క ఇంకా మొద్దుగానే ఉంది. టీ కారితే దలాల్‌కి తెలియదు, ఎవరో ఒకరు చెప్పాలి. అది నెలలు పట్టొచ్చట, కొంచెం అలాగే మిగిలిపోయినా మిగలొచ్చట. ఆ పిల్ల కాలేజీకి మళ్ళీ వెళ్తోంది.

ఒకరోజు జ్ఞానమ్మ ఫోన్ చేసింది. "సిద్ధమ్మ గారూ, ఇక్కడ రమాదేవని మీ కడప వైపు ఆవిడున్నారండి. ఆవిడ పనిచేసే ఇంటి అబ్బాయికి ఆదివారం ఇదే ఆపరేషన్. కాగితంలోది నేను చెప్పాను. మిగతాది మీరు చెప్పండి."

అవతల కొత్త గొంతు బెరుగ్గా పలకరించింది. "అక్కా, నాకు శానా భయంగా ఉండాది."

సిద్ధమ్మ తడిచేతులు చీరకి తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"సిస్టరమ్మ చెప్పిందంతా చెయ్యి. పప్పు రెండుతూర్లు వడగట్టు, చిన్న పలుకున్నా ఆ తీగల్లో ఇరుక్కుంటాది. ఇంగోటి చెప్తా ఇను. మొదటి వారం పిల్లోడు ఓర్చుకుంటాడు. అంతా అయిపోయిందిలే అని నువ్వు అనుకుంటావు. రెండో వారంలో ఏడుస్తాడు. ఆ వారం ఒక్కడినే గదిలో వదలొద్దు. వాళ్ళమ్మకి కూడా ఈ మాట ముందే చెప్పు, నాలాగా తర్వాత చెప్పబాక."