ముందు తలుపు అతిథులకే

పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరచడం ఇప్పుడు నాకు కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఆ పరుపు నాది, ఆ గదీ నాదే. కానీ మే నెలలో, అమెరికాలోని మా నాక్స్‌విల్‌లో వరల్డ్స్ ఫెయిర్ అనే ఆర్నెల్ల ప్రపంచ ప్రదర్శన మొదలైంది. హోటళ్ళన్నీ నిండిపోయి, ఊళ్ళో జనం తమ ఇళ్ళల్లో గదుల్ని వారానికీ రెండు రోజులకీ అద్దెకివ్వడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి అది గెస్ట్ రూమ్. మా ఆయన జగదీష్ పెట్టిన పేరది. రెండో గదిలో ఆయన పుస్తకాలు, ఆయన బల్ల, ఆయన పడుకునే సోఫా. నాకు మిగిలింది లాండ్రీ రూమ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక కాలు వంకరపోయిన మడత మంచం. "పొద్దున్నే లేచి షీట్లు వెయ్యడానికి నీకూ ఈజీ," అన్నాడు. నా సుఖం గురించి అంతగా ఆలోచించే మనిషిని ఏమనగలను?

పగలంతా హాస్పిటల్ లాబ్‌లో నిలబడి ఇతరుల రక్తం పరీక్ష చేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి ఇతరుల వెంట్రుకలు బాత్‌టబ్‌లోంచి ఏరతాను. వంటింట్లో తిరగమోత మానేసి ఎన్నాళ్ళయిందో. "ఆ వాసన గెస్ట్‌లకి పడదు శశీ." నేను గరాజ్ లోంచే రావాలి, పోవాలి. ముందు తలుపు అతిథులకే. "ఇంట్లోవాళ్ళు ఉన్నట్టే తెలియకూడదు. హోస్టింగ్‌లో సీక్రెట్ అదే," అనేవాడు. ఇంట్లోవాళ్ళంటే ఎవరు? ఆయన హాల్లో కాలు మీద కాలేసుకుని అతిథులతో ఫెయిర్ కబుర్లు చెబుతూనే ఉండేవాడు. ఉన్నట్టు తెలియకూడనిది నేనొక్కదాన్నే.

జూన్‌లో ఒహాయో నుంచి ఒకావిడ వచ్చింది, మంచి మనిషే. టోస్ట్ తెచ్చి ముందు పెడితే, "ఈ ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి పని చేస్తున్నావమ్మా?" అని ఇంగ్లీషులో ఆప్యాయంగా అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కనే ఆయన ఆరెంజ్ జ్యూస్ పోస్తున్నాడు. ఈమె నా భార్య అన్న ఒక్క మాట చాలు. ఆ మాట అనకుండా నవ్వి, "షి ఈజ్ వెరీ గుడ్ ఎట్ ఇట్," అన్నాడు. ఆవిడ వెళ్ళేటప్పుడు నా చేతిలో టిప్ పెట్టింది. తర్వాత నేను నిలదీస్తే, "గెస్ట్‌ని ఎంబరాస్ చెయ్యకూడదు కదా, జోక్‌గా తీసుకో," అన్నాడు. నా ఒళ్ళు భగ్గున మండింది. ఏడుస్తాననుకున్నాడేమో, ఏడవలేదు. నా గది నాకు ఎలా తిరిగొస్తుందో ఆ నిమిషమే ఆలోచించడం మొదలుపెట్టాను.

దారి ఆయనే చూపించాడు, పాపం. తెలుగువాళ్ళ పాట్‌లక్ విందులన్నిటిలోనూ అప్పటికి ఆయన పెద్ద ఎక్స్‌పర్ట్. కొత్తగా గది అద్దెకివ్వాలనుకునే ప్రతివాడూ ఆయన చుట్టూ చేరేవాడు. "గెస్ట్ వచ్చేసరికి ముందు తలుపు దగ్గర నవ్వుతూ నిలబడండి. సూట్‌కేస్ మీరే అందుకోండి. ఏదడిగినా నో అనకండి. వాళ్ళున్నన్నాళ్ళూ గది వాళ్ళదే, పిలవకుండా తలుపు తట్టకూడదు." నేను పులిహోర వడ్డిస్తూ ప్రతి మాటా చెవిన వేసుకున్నాను.

ఫోన్ ఎత్తి బుకింగ్‌లు తీసుకునేది ఎలాగూ నేనే. జులైలో ఒక రోజు చెప్పాను.

"ఒకావిడ ఒక్కతే వస్తుందట. ఆదివారం మధ్యాహ్నం."

"ఏం చేస్తుందట?"

"లాబ్‌లో పని."

"డీసెంట్. డబ్బు?"

"ఎప్పుడో కట్టేసింది. పొద్దున కాఫీ మాత్రం గదికే కావాలట. ఇంటాయనే తేవాలట."

"దాందేముంది, గెస్ట్ ఈజ్ గెస్ట్," అన్నాడు. పేరు అడగలేదు.

ఆ ఆదివారం ఆయన సలహాల కోసం పాట్‌లక్‌లలో కలిసే గోపాల్, అతని భార్య రేణు వచ్చారు. వాళ్ళ మేడ మీద గది అద్దెకివ్వాలని గోపాల్ సరదా. రేణు మొహంలో ఆ సరదా ఏమీ కనిపించలేదు. నేను కాఫీలిచ్చి, పాలు తెస్తానని గరాజ్ లోంచి బయటికెళ్ళాను. కారు డిక్కీలో పొద్దుటే పెట్టుకున్న సూట్‌కేస్ తీశాను. ఇంటి చుట్టూ తిరిగొచ్చి ముందు తలుపు గంట కొట్టాను.

తలుపు తెరుచుకుంది. ఆయన మొహంలో నవ్వు సిద్ధంగానే ఉంది, "వెల్కమ్" సగం బయటికొచ్చింది. నన్ను చూడగానే రెండూ అక్కడే ఆగిపోయాయి.

"ఏంటిది? గరాజ్ లోంచి రావచ్చుగా. గెస్ట్ వచ్చే టైమయింది."

"వచ్చింది," అన్నాను. "సూట్‌కేస్ అందుకోండి."

వెనక నుంచి గోపాల్ తొంగి చూస్తున్నాడు. మా ఆయన గొంతు తగ్గించాడు. "తమాషాలొద్దు శశీ. వాళ్ళున్నారు."

"వాళ్ళు నేర్చుకోవడానికే వచ్చారు కదా, చూడనివ్వండి."

"నువ్వు డబ్బు కట్టావా?"

"పెళ్ళయినప్పటి నుంచీ నా జీతం మీ చేతికే ఇస్తున్నాను. ఎప్పుడో కట్టేసిందని చెప్పానుగా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. ఆ ఒహాయో ఆవిడ ముందు నా మొహం ఎలా మాడిపోయిందో, అచ్చం అలాగే మాడింది ఆయన మొహం. గోపాల్ ముందు పరువు పోతుందని సూట్‌కేస్ అందుకున్నాడు. దాన్ని గది దాకా మోయించాను, కిటికీ దగ్గర కాదు మంచం పక్కన పెట్టమన్నాను. ఆయన పెట్టాడు.

"కాఫీ ఆరింటికి. మీకు మంచం లాండ్రీలో వేసి ఉంది. వంకర కాలు కింద పుస్తకం పెట్టుకోండి, ఊగదు."

"శశీ, గోపాల్ ఏమనుకుంటాడు?"

"జోక్‌గా తీసుకుంటాడు లెండి."

నేను పరిచిన దుప్పటి మీద నేనే కూర్చున్నాను. గుమ్మం దగ్గర రేణు నిలబడి ఉంది. నన్ను చూసింది, నా చెప్పుల వంక చూసింది, లోపలి వైపు గడియ చూసింది.

"అక్కా," అంది మెల్లగా, "వచ్చే వారం ఈ గది ఖాళీయేనా?"

గోపాల్ గట్టిగా నవ్వాడు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"లేదు రేణూ," అన్నాను గడియ మీద చెయ్యేసి. "మిగతా బుకింగ్‌లన్నీ నిన్ననే కాన్సిల్ చేశాను. అక్టోబర్‌లో ఫెయిర్ అయిపోయాక కూడా ఖాళీ కాదు. మీ ఇంట్లో గది అద్దెకిచ్చే ముందు, నీ గది ఏదో నువ్వు బుక్ చేసుకో."