నలభై ఒకటో ప్రశ్న

లూసీ పుస్తకం వెన్ను మీద మెత్తటి బ్రష్షుతో మూడుసార్లు దులిపి, పలచటి తెల్లకాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టింది. తర్వాత ఇంకొకటి. అన్నీ అరచేయంత పుస్తకాలే. నూట ముప్పై ఏళ్ళ కిందట ఈ మఠం సిస్టర్లు ఇక్కడి పిల్లలకు సత్యోపదేశం నేర్పిన ప్రశ్నోత్తరాల పుస్తకాలు. పిల్లల వేళ్ళకు మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి.

అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని కొడుకు ఇంటినుంచి ఈ మఠానికి కారులో అరగంట. రెండేళ్ళుగా వారానికి మూడు రోజులు వస్తోంది. మొదట గదులు తుడవడానికే పెట్టుకున్నారు. బడి మూతపడి, భవనం అమ్ముడుపోయాక ఈ పాత సామాను సర్దే పని అప్పగించారు. అదీ ఈరోజుతో సరి. నాలుగింటికి వ్యాన్ వస్తుంది. పెట్టెలు ఎక్కడో భద్రపరిచే చోటికి పోతాయి. మఠంలో మిగిలిన ఒక్క మనిషి, సిస్టర్ అగాథ, వృద్ధాశ్రమానికి పోతుంది.

లూసీకి అరవై ఒక్కేళ్ళు. పొట్టి మనిషి. చీర కింద మంచు బూట్లు, పైన కొడుకు పాత స్వెటర్, మెడలో మరియమ్మ పేరిట దారానికి కట్టుకునే చిన్న గుడ్డముక్కల ఉత్తరీయం, చెమటకు రంగు వెలిసి. చలికి వేళ్ళ కీళ్ళు ఉబ్బి ఉన్నాయి.

పొద్దున కారులో వెనక సీటులో మనవరాలు చరిత, వచ్చే నెలలో గుడిలో మొదటిసారి సత్ప్రసాదపు అప్పం తీసుకోబోయే పిల్ల, కాళ్ళూపుకుంటూ కూర్చుంది.

"ప్రశ్నలన్నీ వచ్చేశాయా అమ్మా?" అని అడిగింది లూసీ.

"మా టీచర్ క్వశ్చన్స్ అడగదు నానమ్మా. కలరింగ్ చేయిస్తది."

"భయం వెయ్యదూ?"

"దేనికి? కలరింగ్‌కా?"

కోడలు రేణు స్టీరింగ్ మీదికి వంగి నవ్వింది. "అత్తయ్యా, మీ కాలం కాదు. ఇప్పుడు భయపెడితే పేరెంట్స్ కంప్లైంట్ చేస్తారు. సాయంత్రం నాకు మీటింగ్ ఉంది, మీ అబ్బాయి పిక్ చేసుకుంటాడు. లంచ్ బాక్స్ మర్చిపోకండి."

లూసీ కూడా నవ్వింది. భయం లేకుండా దేవుడి దగ్గరికి వెళ్ళవచ్చా? వెళ్ళగలిగితే మంచిదే. తనకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో సిస్టర్ అగాథ కూర్చుని ఉంది. తొంభై ఒక్కేళ్ళు. కాళ్ళ మీద కంబళి, దాని మీద నీలి నరాలు తేలిన చేతులు, చేతుల్లో ఒక చెక్క చిడత. రెండు పలకల మధ్య తోలు ముడి వేసి ఉంటుంది. పూర్వం సిస్టర్లు గుడిలో నోరు మెదపకుండా దీనితోనే పిల్లలను నడిపేవారట. ఒక చప్పుడుకు మోకరించాలి. రెండు చప్పుళ్ళకు లేవాలి. ఆ రెండూ వినిపించేదాకా కదలకూడదు.

"సిస్టర్, ఆ చిడత కూడా ఇస్తే చుట్టేస్తాను," అంది లూసీ తనకొచ్చిన ఇంగ్లీషులో.

"లిస్టులో రాయకు. నేనూ లిస్టులో లేనుగా," అంది సిస్టర్.

ఆఖరి పెట్టెలోకి ఒక రిజిస్టరు మిగిలింది. 1874. పిల్లల పేరు, వయసు, అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు. తప్పిన చోట ఎర్ర గీత. లూసీ కూడబలుక్కుంటూ చదివింది. తాను చదివిన ప్రతి పేరు పక్కనా నలభై ఒకటో ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న ఏమిటో చిన్న పుస్తకం తెరిచి చూడకుండానే ఆమెకు తెలుసు. గుంటూరు జిల్లాలోని తమ ఊళ్ళో మతపాఠాలు చెప్పే ఉపదేశిగారు బెత్తం ఊపుతూ తెలుగులో వల్లె వేయించిన ప్రశ్నే అది. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలు ఎక్కడికి పోతారు? పిల్లలందరూ ఒక్క గొంతుతో చెప్పేవారు: వారికి బాధ లేదు, కాని దేవుని ముఖం ఎన్నటికీ చూడరు.

ముప్పై తొమ్మిదేళ్ళ కిందట, పుట్టింట్లో, ఆమెకు తొలి కానుపు. బిడ్డ ఊపిరి సరిగ్గా అందలేదు. అమ్మ ఉపదేశిగారి కోసం పరిగెత్తింది. మంచం పక్కన చెంబుతో నీళ్ళున్నాయి. ఆపదలో ఎవరైనా నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చని, పిత పుత్ర పవిత్రాత్మ నామమున అంటే చాలునని లూసీకి వచ్చు. చెయ్యి చెంబుదాకా వెళ్ళింది. పోస్తే, బిడ్డ పోతోందని ఒప్పుకున్నట్టే అనిపించింది. పోయలేదు. ఒళ్ళో పెట్టుకుని ఊపిరులు లెక్కపెట్టింది. ఉపదేశిగారు గుమ్మంలోకి వచ్చేసరికి లెక్క ఆగిపోయింది.

"పోశావా?" అంది అమ్మ.

లూసీ తల ఊపింది.

ఆ తల ఊపుడు మీదే బిడ్డను, జ్ఞానస్నానం పొందినవారికే చోటుండే గుడి సమాధుల తోటలో పెట్టారు. ఆ తర్వాత లూసీ తప్పులు ఒప్పుకోవడానికి ఫాదర్ ముందు ఎన్నిసార్లు పాపసంకీర్తనానికి మోకరించినా ఈ ఒక్కటీ గొంతు దాటలేదు. చెబితే ఫాదర్ జవాబు చెబుతారు. ఆ జవాబంటేనే భయం. సిస్టర్ చెప్పేదీ అదేనేమో. కాని ఈరోజు దాటితే అడగడానికి ఈ మనిషి కూడా ఉండదు.

మూడు దాటింది. లూసీ రిజిస్టరు తీసుకుని కుర్చీ దగ్గరికి వెళ్ళింది. నిలబడే చెప్పింది. ఇంగ్లీషు అందని చోట చేతులతో చెప్పింది: చెంబు, నీళ్ళు, తల ఊపడం.

"మీరు ఈ పుస్తకం నేర్పారు. నా బిడ్డ ఎక్కడుంది సిస్టర్?"

సిస్టర్ రిజిస్టరు వైపు వేలు చూపింది.

"డఫీ అనే పేరు వెతుకు."

లూసీ వేలితో వెతికింది. మార్గరెట్ డఫీ, తొమ్మిదేళ్ళు. నలభై పక్కన జవాబు ఉంది. నలభై రెండు పక్కన ఉంది. మధ్యలో సన్నటి అక్షరాలు: అడగలేదు. ఆదివారం వీరింట్లో పసిబిడ్డ నీళ్ళు పడకుండానే పోయింది.

"అది రాసిన సిస్టర్ ఎవరో నాకూ తెలియదు," అంది అగాథ. "నేను కొత్తగా చేరినప్పుడు ఈ వాక్యం చూశాను. చూసి కూడా ముప్పై ఏళ్ళు ప్రతి పిల్లనూ అడిగాను. ఒక్కదాన్నీ వదల్లేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో కనుక్కోలేదు." "నీ బిడ్డ ఎక్కడుందో నాకు తెలియదు లూసీ. నేను ఎక్కడికి పోతున్నానో కూడా తెలియదు. నాకు భయంగా ఉంది."

సిస్టర్లకు కూడా భయం ఉంటుందని లూసీ ఎన్నడూ అనుకోలేదు. జారిన కంబళి సర్దింది.

"నీ బిడ్డ పేరేమిటి?"

"నిర్మల." ముప్పై తొమ్మిదేళ్ళలో ఆ పేరు పైకి అనడం అదే మొదలు.

"నిర్మల," అంది సిస్టర్, పలకడం రాని నోటితో. చిడత ఎత్తి ఒక్కసారి కొట్టింది.

లూసీ కుర్చీ పక్కన మోకరించి కళ్ళు మూసుకుంది. మరియమ్మకు చేసే మంగళవార్త జపం ఆమె తెలుగులో, సిస్టర్ ఇంగ్లీషులో. మూడోసారికి ఒక్క తెలుగే వినిపించింది. జపం ముగించి, లేవమనే చప్పుళ్ళ కోసం ఆగింది. మోకాళ్ళు సలిపాయి. కింద వ్యాన్ వెనక్కి వస్తున్న మోత. చప్పుళ్ళు రాలేదు.

కళ్ళు తెరిచింది. సిస్టర్ తల ఛాతీ మీదికి వాలి ఉంది. లూసీ ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. కిటికీ గట్టు మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. అందులో వేలు ముంచి ఆ నుదుటి మీద సిలువ గుర్తు వేసింది. ఈసారి చెయ్యి ఆగలేదు. తర్వాత, ఎవరూ లేవమనకుండానే, కుర్చీ చెయ్యి పట్టుకుని తనంతట తాను లేచి ఫోను దగ్గరికి నడిచింది.

సిస్టర్‌ను తీసుకుపోయారు. వ్యాన్ మనుషులు లిస్టు చూసుకుంటూ పెట్టెలన్నీ దించుకుపోయారు. ఖాళీ గదిలో చక్రాల కుర్చీ మీద, మడత పెట్టిన కంబళి పైన, చిడత రెండు పలకలూ తెరుచుకునే ఉన్నాయి.