వెనుదిరిగే ఓడ పాట

పక్షవాతం బంగార్రాజుని పెద్దగా ఏమీ చెయ్యలేదనే అందరూ అన్నారు. మూతి వంకరపోలేదు, కాలూ చెయ్యీ పడిపోలేదు, మాట తడబడలేదు. గుణదలలో వాళ్ళ వీధివాళ్ళంతా వచ్చి చూసి, మేరీమాత చల్లగా చూసిందని కొందరు, దుర్గమ్మ కాపాడిందని కొందరు అనుకుంటూ వెళ్ళారు. అతని భార్య సుధామణి కూడా అలాగే అనుకుంది, వయొలిన్ చేతిలోకి తీసుకునేదాకా.

ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్ళకి, ఆయనకి ఇష్టమని ఓ మధ్యాహ్నం మోహన రాగం ఎత్తుకుంది. మంచం మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్న బంగార్రాజు చెయ్యి ఆపి గుమ్మం వైపు చూశాడు.

"పక్కింట్లో ఎవరు సుధా, అంట్లు అలా ఎత్తి పడేస్తున్నారు?"

సుధామణి కమాను ఆపింది. "ఎక్కడండీ?"

"ఇప్పుడు ఆగిందిలే."

ఆమె మళ్ళీ మెల్లగా నాలుగు స్వరాలు పలికించింది. ఈసారి ఆయన గుమ్మం వైపు చూడలేదు. ఆమె చేతివైపు చూశాడు, తీగల మీద కదిలే కమానుని చూశాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"మెదడులో మాటని పోల్చుకునే చోటు బాగానే ఉందమ్మా," అన్నారు డాక్టరుగారు. "పాటని పోల్చుకునే చోటు దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. దీనికి మందంటూ లేదు."

బంగార్రాజు వాళ్ళది కొల్లేటి వైపు చేపల వ్యాపారం చేసుకునే కుటుంబం. వయసులో ఉండగా కీబోర్డు ఒకటి చంకనేసుకుని హైదరాబాదు వెళ్ళి, కంప్యూటర్ ఆటలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాడు. అక్కడే 'ధ్రువసేన' అనే అంతరిక్ష యుద్ధం ఆటకి సంగీతం కట్టాడు. అది సినిమా పాటలా ఒకచోట మొదలై ఒకచోట ముగిసే సంగీతం కాదు, ఆడేవాడి వెన్నంటే నడుస్తుంది. శత్రువుల ఓడలు చుట్టుముడితే జోరందుకుంటుంది. తోటివాడి ఓడ పేలిపోతే గొంతు దించుకుంటుంది. బంగార్రాజు ముక్కలుముక్కలుగా కట్టిన బాణీలని ఆట తనంతట తనే సమయానికి తగ్గట్టు కుట్టుకుంటూ పోయేది. కంపెనీ ఎప్పుడో మూతబడి, ఆయన గుణదల వచ్చేసినా, ఆ ఆటని మరిచిపోని వాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు.

ఆ అభిమానం చూసే, ఈ జబ్బుకి ముందే, బెంగళూరు కంపెనీ ఒకటి హక్కులు కొని, ఆటకి కొత్త రూపం ఇవ్వడం మొదలుపెట్టింది. పాత కంప్యూటర్ మోతల బదులు నిజమైన వాయిద్యాలు కావాలన్నారు. ఆ పని చూసే సూర్యప్రకాష్ చిన్నప్పుడు 'ధ్రువసేన' ఆడి పెరిగినవాడు. "మీరే చెయ్యాలండీ, ఇంకొకరి చెయ్యి పడకూడదు," అని బంగార్రాజు దగ్గర పట్టుబట్టాడు. ఇంట్లోనే ముందుగదిని స్టూడియోగా మార్చారు. సుధామణి వయొలిన్, చర్చిలో వాయించే అంతోని డ్రమ్స్.

చిక్కంతా అతుకుల దగ్గర వచ్చింది. యంత్రం గొంతు ఠక్కున మారినా అప్పట్లో చెల్లిపోయేది. అదే వయొలిన్ మీద వాయిస్తే గుడ్డ చిరిగినట్టుండేది. ఒక బాణీలోంచి ఇంకో బాణీలోకి జారడానికి కొత్తగా చిన్న వంతెనల్లాంటివి కట్టాలి. బంగార్రాజు ఒక్కొక్కటే కట్టుకొచ్చాడు. ఒక్కటి మిగిలింది. యుద్ధం ఓడిపోయి, మిగిలిన ఓడ ఒంటరిగా వెనక్కి మళ్ళేటప్పటిది.

"అది నా బుర్రలో ఉందిలే సుధా. సోమవారం కూర్చుందాం," అన్నాడు.

ఆ ఆదివారమే పడిపోయాడు.

ఇప్పుడు సుధామణి పిల్లలకి వయొలిన్ పాఠం చెప్పే వేళకి ఆయన చెప్పులేసుకుని కాలవగట్టుకి వెళ్ళిపోతున్నాడు. "నడిస్తే మంచిదన్నారు గదా," అంటాడు. ఆమె వాయిద్యం తన మొగుణ్ణి ఇంట్లోంచి తరిమేస్తోందని ఆమెకి తెలుసు. తెలిసినా, కమాను ఎత్తక తప్పదు.

"గడువు పెంచలేమండీ," అని సూర్యప్రకాష్ ఫోన్లో నొచ్చుకుంటూనే చెప్పాడు. "ఆయన మనసులో ఏముందో మీరైనా రాబట్టలేరా?"

ఆమె అడిగింది. ఆయన కాదనలేదు. కళ్ళు మూసుకుని లోపల వెతుక్కున్నాడు.

"ఉందని తెలుసు సుధా. తల్లి ఓడ తగలబడిపోతుంటుంది. ఆడేవాడు చూస్తూ చూస్తూ తన ఓడని వెనక్కి తిప్పుతాడు. డ్రమ్స్ ఆగవు, దూరమైపోతాయి. వయొలిన్ ఒక్కటే... ఇదంతా చెప్పగలను. అది ఎలా ఉంటుందో మాత్రం లోపల కూడా వినపడట్లేదు."

లయ మాత్రం వేళ్ళలో మిగిలింది. బల్ల మీద తాళం వేసి చూపించాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది. తర్వాత కాయితం తీసుకుని, ఇన్నేళ్ళ విద్యనీ ఆసరా చేసుకుని, ఏ స్వరం తర్వాత ఏది రావాలో లెక్కకట్టి రాశాడు. కళ్ళు కనపడని మనిషి పూలమాల కట్టినట్టు జాగ్రత్తగా రాశాడు.

సుధామణి వాయించింది. ఆయన పంటినొప్పి ఓర్చుకునేవాడిలా దవడ బిగించి కూర్చున్నాడు.

అందులో తప్పేమీ లేదు. ప్రాణమూ లేదు. ఆమె దగ్గర చేరిన కొత్త పిల్లలు కూడా అలా రాయగలరు.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

బంగార్రాజు ఆమె ముఖంలోకి చూశాడు. "సుధా, ఇకమీదట నా చెవులు నువ్వే. నువ్వు కూడా నాతో అబద్ధమాడితే నేనెవర్ని అడగను?"

ఆమె వయొలిన్ ఒళ్ళో పెట్టుకుంది. "బాలేదండీ," అంది. "మీరు చేసినట్టు లేదు."

ఆయన తలూపాడు. కాయితాన్ని మడిచి, ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చేతిలో పట్టుకుని, మళ్ళీ ఆమెకే ఇచ్చేశాడు. "అయితే నువ్వు చెయ్యి. నాకు చూపించకు."

ఆమె చేసింది. ఆయన వేసిన తాళం ఉంచి, స్వరాలు తనకి తోచినవి వేసింది. అది ఆయన మనసులోదానికి దగ్గరో దూరమో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే. ఆ ఒక్కడూ చెప్పలేడు. అంతోనిని పిలిచి రికార్డు చేసి పంపించేసింది.

సూర్యప్రకాష్ వెంటనే ఫోన్ చేశాడు. "గురువుగారి చెయ్యి తెలిసిపోతోందండీ! ఇది ఆయన తప్ప ఇంకొకరు కట్టలేరు."

"అది నేను కట్టిందండీ, ఆయన కాదు," అంది సుధామణి.

"సరేలెండి, మీరిద్దరూ ఒకటే గదా," అన్నాడు సూర్యప్రకాష్. ఆమెకి కావలసిన జవాబు అది కాదు. మెచ్చుకుంటాడో తప్పుపడతాడో, ఒక్క మాట నిజంగా చెప్పేవాడు కావాలి. ఆ మనిషి వంటింట్లో మజ్జిగ పోసుకుంటున్నాడు.

ఆట విడుదలైంది. ఓడిపోయినప్పటి సంగీతం వినడానికే కావాలని ఓడిపోతున్నామని ఎవరెవరో రాశారు. బంగార్రాజు అవన్నీ ఫోన్లో గట్టిగా చదివి వినిపించాడు. చదివి చదివి, "నేనూ ఆడతాను," అన్నాడు.

"వద్దండీ, తలనొప్పొస్తుంది."

వినలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, చేతులు చక్కగా ఆడుతుండగా, యుద్ధంలోకి దూరి కావాలనే ఓడిపోయాడు. తెర మీద తల్లి ఓడ మంటల్లో విచ్చుకుంది. డ్రమ్స్ దూరమయ్యాయి. సుధామణి వయొలిన్ ఒంటరిగా పైకి లేచింది. ఆయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. చివరిదాకా కూర్చున్నాడు.

"ఏమైనా వినపడిందా?" అని ఆశ చంపుకోలేక అడిగింది.

"లేదు సుధా. మోతే." ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మంచిదే అయ్యుంటుంది. ఇంతమంది అంటున్నారు గదా."

తెర మీద ఇంకో యుద్ధం మొదలవబోతోంది. "సౌండు తీసెయ్యి," అన్నాడు. ఆమె తీసేసింది. ఆయన మళ్ళీ ఆటలో పడ్డాడు. సుధామణి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, చప్పుడు లేకుండా పేలిపోతున్న ఓడల్ని చూస్తూ ఉండిపోయింది.