జీడిపిక్కల బండికి మెరూన్ పూత

మార్కు పికప్ వ్యాను కొన్నది జీడిపిక్కలు మోయడానికని అతని భార్య రత్నమణి అనుకుంది. నర్సీపట్నంలో పదిమందీ చూడడానికని మార్కు అనుకున్నాడు. ఇద్దరికీ ఒకటే వ్యాను కాబట్టి ఈ తేడా నెల రోజులపాటు బయటపడలేదు.

అది 2007 ఏప్రిల్. పిక్కలు రాలే కాలం. రత్నమణి ఎండలో రోలుగుంట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, అక్కడ మహిళా సంఘం నడిపే రాజేశ్వరిని ఒప్పించింది. సంఘం వాళ్ళు ఎండబెట్టిన పిక్కలు ఈ సీజనంతా రత్నమణి వ్యానులోనే పాయకరావుపేట వెళ్తాయి. అప్పటిదాకా ఆ పని అప్పలరాజు ట్రాక్టరుది. రాజేశ్వరి ఒక్కటే షరతు పెట్టింది.

"సోమవారం పొద్దున్న ఆరింటికి బండి కళ్ళం కాడుండాల, సెల్లీ. నేకపోతే అప్పలరాజుకి కబురెట్టేస్తాను. మరింక నాకాడికి రావద్దు."

"ఆరుకి ముందే ఉంటాదక్కా," అంది రత్నమణి.

ఆ మంగళవారమే మార్కు విశాఖపట్నం వెళ్ళి ఒక వింత చూసొచ్చాడు. ఎవరిదో వ్యానుకి వెనక తొట్టి లోపలంతా రబ్బరులాంటి మందపాటి పూత, రంగులు చిమ్మే గన్నుతో కొట్టించారు. బస్తాలు ఈడ్చినా గీత పడదట, తుప్పు పట్టదట. ఇంతవరకూ బుద్ధిగల మాటే. రత్నమణి కూడా కాదనలేదు. కాని ఆ పూత రంగూ, బండి రంగూ ఒకటే కావడం మార్కు కంట్లో పడింది. ఇక అతనికి తిండి సహించలేదు.

తుని రోడ్డులో మన్మథరావుకి రంగులు కొట్టే షెడ్డుంది. "నలుపైతే డబ్బా మూత తీసి కొట్టెయ్యడమే. రేపు సాయంత్రానికి అయిపోతాది," అన్నాడతను.

"నలుపు లారీలకి," అన్నాడు మార్కు. "నాది మెరూన్. లోపల కూడా అదే మెరూన్ రావాల."

మన్మథరావు నిట్టూర్చి రంగులు కలపడం మొదలుపెట్టాడు. కలిపిందల్లా రేకుముక్క మీద కొట్టి ఇచ్చేవాడు. మొదటిది వంకాయలా ఉందన్నాడు మార్కు. రెండోది బీట్‌రూటులా ఉంది. మూడోదాన్ని ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి బండి పక్కన పెట్టి చూసి, తన కళ్ళు చాలవని చర్చి ఆవరణకి తీసుకెళ్ళాడు. చర్చి పెద్ద జోసఫ్ రాజుగారికి అంతకు మూడు రోజుల ముందే శుక్లం ఆపరేషనైంది. ఆయన కట్టు లేని కంటితో ఆ రేకుని చాలాసేపు చూసి, "కొంచెం ఎరుపెక్కువైంది బాబూ," అన్నాడు. ఆ కంట్లోనూ శుక్లమే ఉందని ఊరందరికీ తెలుసు. మార్కు మాత్రం రేకు పట్టుకుని మళ్ళీ షెడ్డుకి పరిగెత్తాడు.

"జీడిపిక్కలకి కళ్ళున్నాయేటండీ?" అని అడిగింది రత్నమణి గురువారం నాడు.

"నీకు తెలీదే. నువ్వు సీరకి జాకెట్టు మేచింగ్ సూసుకోవా?"

"సూసుకుంటాను. జాకెట్టు దొరికేదాకా నాలుగు రోజులు బట్టల్లేకుండా కూకోను."

శుక్రవారం సాయంత్రానికి ఏడో ముక్క ఖాయమైంది. శనివారం పొద్దున్న మన్మథరావు తొట్టినంతా గరుకు కాగితంతో తోమి, పాత నునుపు పోగొట్టి, థిన్నరుతో రెండుసార్లు కడిగాడు. అంచులకి టేపు, పాత పేపర్లు అతికించాడు. "ఇంక సెయ్యి కూడా తగలనివ్వకండి. సెమటంటినా పూత పట్టదు," అని మార్కుకి చెప్పి భోజనానికి ఇంటికి వెళ్ళాడు.

అప్పుడు మార్కు తల్లి కెజియమ్మ షెడ్డుకొచ్చింది. వాళ్ళ చర్చివాళ్ళలో ఇంటికి కుట్టుమిషను వచ్చినా, గ్యాసుపొయ్యి వచ్చినా ప్రార్థన చేయించి నూనె రాయించందే వాడరు. వ్యాను కొన్నప్పుడు ముందుభాగానికీ స్టీరింగుకీ రాయించారు.

"తొట్టికి రాయించనేదు నాయినా," అందావిడ. "బరువు మోసేది అదే కదా."

తల్లి మాట కాదనలేడు. రంగేశాక రాయిస్తే కొత్త మెరూన్ మీద మరక పడుతుంది. మార్కు ఆలోచించాడు. అతను ఆలోచించినప్పుడల్లా ఇంటికి ఏదో ఒకటి జరుగుతుంది.

"రంగెయ్యకముందే రాయించేద్దామమ్మా. నూనె కింద, రంగు పైన. దేవుడికి కనబడతాది, జనానికి కనబడదు."

బోధకుడు సాల్మన్‌రాజుగారు కొబ్బరినూనె సీసాతో మోపెడ్ మీద వచ్చారు. నాలుగు మూలలా వేలికొసతో రాసి ఊరుకోబోయారు పాపం. "బాగా రాయండయ్యగారూ, మళ్ళీ వీలవదు," అన్నాడు మార్కు. సగం సీసా అయిపోయింది. మిగతా చోట్లకి కెజియమ్మ అరచేత్తో పులిమింది. మన్మథరావు కంటపడకుండా మార్కు గుడ్డతో తుడిచాడు. తుడిచాడు అంటే, ఎక్కడైనా అంటకుండా మిగిలిపోయి ఉంటే అక్కడికి కూడా నూనె చేర్చాడన్నమాట. రత్నమణి ఆ వేళకి పాయకరావుపేటలో ఉంది, పిక్కలు కొనేవాళ్ళతో మాట్లాడుతూ.

మన్మథరావు వచ్చి, ఏమీ తెలియక, మూడు గంటలకల్లా పూత కొట్టేశాడు.

ఆదివారం ఆరాధన కాగానే మార్కు పదిమందినీ షెడ్డుకి పిలుచుకొచ్చి తొట్టి తలుపు దించాడు. మెరూన్‌కి మెరూన్ కలిసింది, నిజమే. అందరూ బాగుందన్నారు. కెజియమ్మ మురిసిపోతూ తొట్టి మీద చెయ్యేసింది.

"ఇక్కడ దద్దురులాగ ఉందేటి?"

మార్కు గోటితో గిల్లాడు. చేటంత పూత చేతికొచ్చింది. ఇంకోచోట గిల్లాడు. అక్కడా వచ్చింది.

వచ్చినవాళ్ళు మర్యాదగా ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. మార్కు మన్మథరావు మీద పడ్డాడు. "ఇదేనా నీ పనితనం? కల్తీ సరుకు కొడతావా?"

రత్నమణి ఆ ఊడిన పూతని తిరగేసి చూసింది. ఇరవై ఏళ్ళుగా అట్లు పోస్తోంది. అట్టు ఇంత శుభ్రంగా ఎప్పుడు లేస్తుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, భర్తకేసి చూసింది.

"కొబ్బరినూనె ఎవరు రాశారండీ?"

మార్కు తల్లిని చూశాడు. తల్లి ఆకాశాన్ని చూసింది.

"నూనె రాసి నన్ను రంగెయ్యమన్నారా?" అన్నాడు మన్మథరావు.

"దేవుడి నూనెకి వంక పెట్టకు," అంది కెజియమ్మ.

"దేవుడిదైనా నూనె నూనే కదమ్మా."

మార్కు గొంతు సవరించుకున్నాడు. "సరేలే. మొత్తం గీకేసి మళ్ళీ కొట్టు. మూడు రోజులు పట్టనీ."

"రేపు ఆరింటి మాటేటి?" అంది రత్నమణి.

"ఈ బండేసుకుని రోలుగుంటా? నలుగురూ ఏటనుకుంటారు? నేన్నడపను."

"మానెయ్యండి," అంది రత్నమణి. బతిమాలుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె అక్కణ్ణించి తిన్నగా మత్స్యరాజు ఇంటికి వెళ్ళింది. అతను అద్దెకార్లు నడుపుతాడు. సోమవారం పొద్దున్నే బేగి రమ్మని మాట తీసుకుని షెడ్డుకి తిరిగొచ్చింది. కొంగు బిగించి, గీకుడు రేకు పట్టుకుని తొట్టిలోకి ఎక్కింది. వదులైన పూతంతా ఊడగొట్టింది. కాసేపు చూసి మన్మథరావు కూడా ఇంకో రేకు పట్టుకుని ఎక్కాడు. పొద్దు గుంకేలోగా సబ్బుపొడితో కడగడం కూడా అయింది. మెరూన్ మూలల్లో మిగిలింది, మధ్యంతా రేకు.

సోమవారం మత్స్యరాజు బండి తీస్తుండగా మార్కు ఇస్త్రీ చొక్కాతో బయటికొచ్చాడు. "నేనూ వస్తాను."

"తూకం సూసుకోడానికి రాజేశ్వరక్క పాయకరావుపేట దాకా వస్తాదట. ముందు సోటు నేదు," అంది రత్నమణి.

మార్కు వెనక ఎక్కాడు.

ఆరుకి పది నిమిషాలుందనగా కళ్ళం చేరారు. కాస్త దూరంలో అప్పలరాజు ట్రాక్టరు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. రాజేశ్వరి తొట్టిలోకి తొంగిచూసింది.

"ఏటి సెల్లీ, తామరొచ్చినట్టుంది?"

ఆడవాళ్ళంతా నవ్వారు. మార్కు జీడిచెట్లకేసి తిరిగి నిలబడ్డాడు.

"వొచ్చింది. బస్తాలెక్కించండక్కా," అంది రత్నమణి.

పదో బస్తా ఎక్కేసరికి అప్పలరాజు ట్రాక్టరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. "నెమ్మది, ఆ మూల ఇంకా బాగుంది," అని మార్కు అంటూనే ఉన్నాడు. బస్తా మోసే మనిషి ఆ మూలే దించింది.

"మళ్ళీ గురువారం," అంది రాజేశ్వరి.

"గురువారం బండి షెడ్డులో ఉంటుందండి," అన్నాడు మార్కు. "రంగు..."

"గురువారం ఆరింటికక్కా," అంది రత్నమణి, అతని మాట వినబడనట్టే.

రాజేశ్వరి ముందు సీట్లోకి ఎక్కబోతూ వెనక్కి చూసింది. "బాబూ, ఆ పైబస్తా మూతి కుట్టు ఊడిపోతంది. కూసింత పట్టుకు కూకోండి."

పాయకరావుపేట దాకా మార్కు బస్తాల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ మూతి పట్టుకుని వెళ్ళాడు.