ఎండకేం తెలుసు, గడియారం చూడు

నేను ఒక గోడ గడియారాన్ని. పెద్ద ముల్లు అందరికీ ఉన్నట్టే ఒకటి. చిన్న ముళ్ళు మాత్రం నాకు రెండు. నల్లది పుట్టుకతో వచ్చింది, ఎర్రది మనుషుల పుణ్యమా అని వచ్చింది. నవ్వేముందు కాస్త ఆ కథ వినండి. ఎవర్ని చూసి నవ్వాలో ఆ తరువాత మీరే తేల్చుకుందురుగాని.

నా పుట్టిల్లు జర్మనీ. ఓడెక్కి కాకినాడలో దిగి, ఒక దొరగారి బంగళాలో కొన్నాళ్ళు, వేలంలో పాడుకున్న ఒక ప్లీడరుగారింట్లో కొన్నాళ్ళు కాపురం చేశాను. ప్లీడరుగారు రోజూ తన జేబు గడియారాన్ని నా పక్కన పెట్టి చూసేవారు. తేడా వస్తే తిట్లు నాకే. ఆయన పోయాక, నిడదవోలు స్టేషనుకు ఎదురుగా భోజన హోటలు నడిపే పేరిందేవమ్మ నన్ను కొనుక్కుంది. మొగుడు పోయినా గరిట నమ్ముకుని ఒక్కగానొక్క కూతుర్ని పెంచి పెళ్ళి చేసిన మనిషి. ప్రతి శుక్రవారం తలంటుకుని వచ్చి నాకు కీ ఇచ్చేది. ఆ ఇంట్లో నాకు ఏ లోటూ లేదు.

ఇంతలో పెద్ద యుద్ధం వచ్చింది. పగటి వెలుతురు వృథా పోకూడదని, దేశంలోని గడియారాలన్నీ గంట ముందుకు తిప్పమని సర్కారు దండోరా వేయించింది. జర్మనీ మీద యుద్ధానికి జర్మనీదాన్నయిన నా సాయం కూడా కావలసి వచ్చిందన్నమాట! ఆ రోజు నుంచి హోటల్లో విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ నా గురించే మాట్లాడేవాడు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

"కోడి కూయకముందే ఆరు కొట్టిస్తే తెల్లారినట్టేనా? ఇహ సంధ్యావందనం దీపం పెట్టుకు చెయ్యాలి కాబోలు!" అనేవారు పురోహితులు అవధానిగారు.

"మీ సంధ్యావందనం కోసం రైలు ఆగదండీ అవధానిగారూ. కొత్త టైమంటే కొత్త టైమే," అనేవాడు పార్సిలు గుమాస్తా జగన్నాథరావు.

పాత టైమువాళ్ళు ఒక వరస, కొత్త టైమువాళ్ళు ఒక వరస కూర్చోసాగారు. చివరికి జనం ఏమంటారో తేల్చేద్దామని జగన్నాథరావు రెండు ఖాళీ ఊరగాయ జాడీలు తెప్పించాడు. పాత టైము కావాలన్నవారు ఒకదాంట్లో, కొత్తది కావాలన్నవారు రెండోదాంట్లో ఒక్కో చింతపిక్క వెయ్యాలి. సాయంత్రం చూస్తే తిన్న విస్తళ్ళకన్నా పిక్కలు ఎక్కువ తేలాయి. అవధానిగారిని నిలదీస్తే ఆయన తొణక్కుండా, "పాత టైములో ఒకసారి వేశాను, మళ్ళీ కొత్త టైములో ఒకసారి వేశాను. తప్పేవిటి?" అన్నారు.

పేరిందేవమ్మ రెండు జాడీలూ కడిగి బోర్లించింది. గడియారాలు బాగుచేసే మస్తాన్ని పిలిపించి, "ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. ఇద్దరి టైమూ చూపించేట్టు చెయ్యి నాయనా," అంది. మస్తాను బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి, ఎద్దుకొమ్ములకు వేసే ఎర్రరంగు పూసి, నల్లముల్లుకు ఒక గంట ముందుండేలా బిగించాడు. నల్లది పాత టైము, ఎర్రది కొత్త టైము. గంట మాత్రం నేను నల్లముల్లు ప్రకారమే కొట్టేదాన్ని.

అలా రెండు కాలాలు మోస్తూ ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. అప్పటికి పేరిందేవమ్మ కూతురు రాజ్యం పురిటికి వచ్చి ఉంది. మొదటిసారి ఆ పిల్లకు కడుపు నిలవలేదు. అందుకని ఈసారి తల్లి గుండెలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు గ్రహణం నీడ సోకకూడదు, లోపలి గదిలో కదలకుండా పడుకోవాలి, పచ్చిమంచినీళ్ళు ముట్టకూడదు. ఇదంతా సరే. పంచాంగంలో పట్టు పదింటికి, విడుపు పన్నెండింటికి అని ఉంది. ఏ పది? ఏ పన్నెండు?

"పంచాంగానికి యుద్ధంతో ఏం పని? అది పాత టైమే," అన్నారు అవధానిగారు.

"అచ్చయింది యుద్ధం వచ్చాక కదండీ! కొత్త టైమే," అన్నాడు జగన్నాథరావు.

పేరిందేవమ్మ ఇద్దరినీ కాదనలేక, ఎర్రముల్లు పది మీదికి రాగానే తలుపులు మూయించింది. నల్లముల్లు పన్నెండు మీదికి వచ్చాకే తీస్తానంది. చూశారా, ఆకాశంలో లేని గ్రహణం ఒక గంట ఈ హోటల్లో తయారైంది!

ఎర్రముల్లు పన్నెండు దాటింది. పైకప్పులోని గాజుపెంకులోంచి తెల్లటి ఎండ నేల మీద పడింది. మగవాళ్ళంతా వీధి తలుపు మూసిన ముందు వసారాలో జపం చేస్తున్నారు. ఆకలికి ఆ జపం కొంచెం గట్టిగానే వినిపిస్తోంది. కళ్ళెత్తి బయటికి చూసినవాడు లేడు, చూడకూడదు గనక. పేరిందేవమ్మ నా ఎదుట గోడకు ఆనుకుని తులసిపూసలు తిప్పుతోంది.

"అమ్మా, ఎండొచ్చేసిందే," అంది రాజ్యం గదిలోంచి.

"ఎండకేం తెలుసే? గడియారం చూడు. ఇంకా టైముంది. కదలకు నా తల్లీ."

"కళ్ళు తిరుగుతున్నాయే. పొద్దుటినుంచీ లోపల బిడ్డ కూడా కదలట్లేదు. భయమేస్తోందే అమ్మా."

పేరిందేవమ్మ చేతిలో పూసలు ఆగిపోయాయి. కాని లేవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ పూసలు తిప్పింది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. గడియారానికి కోపం వస్తే ఏం చేస్తుంది? టిక్కుటిక్కుమంటుంది, అంతే.

కాసేపటికి రాజ్యం గోడ పట్టుకుని బయటికి వచ్చింది. తల్లిని దాటుకుని వచ్చి, పీట లాక్కుని, నిండు కడుపుతో దానిమీద ఎక్కి నా అద్దం తలుపు తీసింది. పడితే ఏం గతి అని నా ప్రాణం గిలగిల్లాడింది. ఆ పిల్ల పెద్దముల్లును వేలితో తిప్పింది. అరగంట దగ్గర అలవాటు కొద్దీ ఠంగున ఒకటి కొట్టాను. రాజ్యం బిగుసుకుపోయింది. ఎవరూ లేవలేదు. ముల్లును పన్నెండుకు కాస్త ఇవతల ఆపి, అద్దం మూసి, గదిలోకి వెళ్ళి పడుకుంది.

ఇక చూడండి నా ప్రతాపం. పన్నెండూ కొట్టాను. జన్మలో అంత హుషారుగా ఎప్పుడూ కొట్టలేదు.

"విడిచింది!" అని అవధానిగారు తలుపు తీశారు. వీధంతా ఎండ. "చూశారా! పాత టైముకి సరిగ్గా విడిచింది. శాస్త్రం అబద్ధమాడుతుందా?"

జగన్నాథరావు ఎర్రముల్లు చూసి, డ్యూటీకి వేళైందని భోజనం కూడా మాని పరుగెత్తాడు. ఒంటిగంట బండి ముప్పావుగంట లేటని స్టేషనులో అందరినీ కేకలేశాడట.

పేరిందేవమ్మ మాత్రం ఎవరి మాటా వినిపించుకోలేదు. చెంబుతో మంచినీళ్ళు తీసుకుని ఒక్క అంగలో గదిలోకి వెళ్ళింది. కాసేపటికి లోపల్నుంచి రాజ్యం నవ్వు వినిపించింది.

"కదిలిందే అమ్మా! తంతోందే!"

ఆ మధ్యాహ్నం అందరూ తిని వెళ్ళాక పేరిందేవమ్మ నా దగ్గరికి వచ్చింది. ముందు నా కింద ఉండిపోయిన పీట తీసి వంటింట్లో పెట్టింది. తరువాత నా లోలకాన్ని వేలితో ఆపి, ఎదురుగా కూర్చుంది. కూతురు నన్ను ఎంతమేర ముందుకు తిప్పిందో అంతసేపూ నన్ను ఆపి ఉంచి, మళ్ళీ కదిలించింది. అంత సరిగ్గా ఎలా తెలుసునో వేరే చెప్పాలా?

"నువ్వేం చూళ్ళేదు. నేనూ ఏం చూళ్ళేదు," అంది, కళ్ళు తుడుచుకుంటూ. "నోరు మూసుకో."

నెల తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. యుద్ధం అయిపోయి సర్కారు మళ్ళీ పాత టైము పెట్టమంటే, అప్పటికి కొత్త టైముకి ఆకలి అలవాటైపోయిన అవధానిగారు, "ఉన్నదాన్ని మార్చడమెందుకయ్యా?" అని అందరికన్నా ముందు గొడవపడ్డారు. ఎర్రముల్లు తీయించడానికి పేరిందేవమ్మకు మాత్రం మనసొప్పలేదు.

ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక పాతసామాన్ల కొట్లో ఉన్నాను. స్ప్రింగు విరిగి చాలా కాలమైంది. మొన్న ఇద్దరు కుర్రాళ్ళు ఫోనులో వార్త చూస్తూ నా ముందే వాదించుకున్నారు. ఏవో దేశాల్లో ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు గడియారాలు తిప్పుతారట, ఉంచాలా మానాలా అని జనాన్ని అడుగుతున్నారట. ఆ జనానికి జాడీలూ చింతపిక్కలూ ఇచ్చారో లేదో తెలియదు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, ఈ ఎర్రముల్లు ఏమిటని కొట్టువాణ్ణి అడిగాడు.

"అదా? ఫారిన్ మోడలండి. లండన్ టైము చూపిస్తుంది," అన్నాడు కొట్టువాడు.

నాకు నవ్వొచ్చింది. అసలు సంగతి ఆ కుర్రాడికి చెబుదామనీ అనిపించింది. కాని నోరు మూసుకోమంది కదా పేరిందేవమ్మ. మూసుకున్నాను.